వెర్షన్ నంబరు మెషీన్ వేయనివ్వండి, ఏం మారిందో మాత్రం మనిషే రాయాలి

సంపాదకులకు నమస్కారం.

సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేషన్ గురించి మీ సాంకేతిక పేజీలో వచ్చేవన్నీ వదలకుండా చదువుతుంటాను. కోడ్ రాయడం గురించి, టెస్టింగ్ గురించి బోలెడు వస్తున్నాయి. రాసిన కోడ్ బయటికి ఎలా వెళ్తుంది, వెళ్ళేటప్పుడు దాని మీద ఏ నంబరు పడాలి, అందులో ఏం మారిందో వాడేవాళ్ళకి ఎవరు చెప్పాలి అన్న దాని మీద మాత్రం ఎవరూ పెద్దగా రాయరు. నా ఉద్యోగమే అది, రిలీజులు చూసుకోవడం. అందుకే ఈ లేఖ. కాస్త పొడుగైంది, వీలుంటే కోత పెట్టకుండా వేయండి.

ముందు అందరికీ తెలిసినదే చెప్తాను. ఫోన్‌లో ఏదైనా యాప్‌కి అప్‌డేట్ వచ్చినప్పుడు 'కొత్తగా ఏమున్నాయి' అని ఓ చిన్న పెట్టె కనిపిస్తుంది. చాలా యాప్‌లు అక్కడ ఏళ్ళ తరబడి ఒకటే వాక్యం పెడుతున్నాయి: లోపాలు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం. నిన్నటిదాకా ఉన్న బటన్ ఇవాళ ఉండదు, కొత్తగా లొకేషన్ పర్మిషన్ అడుగుతుంది, పాత ఫైళ్ళు తెరుచుకోవు, పెట్టెలో మాత్రం అదే వాక్యం. చేంజ్‌లాగ్ (ఏ వెర్షన్‌లో ఏం మారిందో రాసే జాబితా) అనే మాట ఎప్పుడూ వినని వాళ్ళకి కూడా దాని లోటు ఇలా తెలుస్తూనే ఉంటుంది. ఇక ఆ యాప్‌ల లోపల వాడే లైబ్రరీల (ఇంకొకరు రాసి పెట్టిన కోడ్ కట్టల) సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్కడ ఒకరు చెప్పాపెట్టకుండా మార్చింది ఇంకెవరి నెత్తినో పడుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వెర్షన్ నంబరు వేయడం, ట్యాగ్ కొట్టడం (కోడ్‌లో ఆ దశకి ఆ నంబరు గుర్తు పెట్టడం), బిల్డ్ చేయడం (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేయడం), ప్యాకేజీ ఎక్కించడం (దాన్ని అందరూ దించుకునే చోట పెట్టడం), ఈ పనులన్నీ చేత్తో చేయడం ఇకనైనా ఆపేసి పూర్తిగా మెషీన్‌కి అప్పగించాలి. ఏం మారింది, దానివల్ల మీకేం పని పడుతుంది అని వాడేవాళ్ళకి చెప్పే ఆ నాలుగు ముక్కలు మాత్రం మనిషే రాయాలి, అదీ మార్పు చేసిన మనిషే, చేసిన రోజే. ఈ రెండు పనుల్నీ కలిపేసి రిలీజ్ ఆటోమేషన్ అని ఒకే మూట కట్టేస్తున్నారు, గొడవంతా అక్కడే వస్తోంది.

చేత్తో చేసే రిలీజ్ ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడని వాళ్ళకి చెప్తాను. ప్రాజెక్ట్ ఫైల్లో వెర్షన్ మార్చాలి, అదే నంబరు డాక్యుమెంట్లలో ఇంకో రెండు చోట్ల ఉంటుంది, అక్కడా మార్చాలి, చేంజ్‌లాగ్‌లో తేదీ వేయాలి, కమిట్ చేయాలి (మార్పుని ఓ చిన్న సందేశంతో కోడ్ చరిత్రలో ఎక్కించాలి), ట్యాగ్ కొట్టాలి, ఎవరిదో ల్యాప్‌టాప్ మీద బిల్డ్ తీయాలి, వాళ్ళ దగ్గరున్న టోకెన్‌తోనే (పాస్‌వర్డ్ లాంటి రహస్య తాళం) అప్‌లోడ్ చేయాలి. ఇందులో ఏ ఒక్కటి మర్చిపోయినా అప్పటికప్పుడు ఏమీ అవ్వదు, అదే దీంతో అసలు ప్రమాదం. ట్యాగ్ మీద 2.4.1 అని ఉంటుంది, లోపల ప్రోగ్రామ్‌ని అడిగితే 2.4.0 అని చెప్తుంది. మూడు నెలల తర్వాత కస్టమర్ ఫోన్ చేసి 2.4.0లో ఈ బగ్ ఉందంటాడు, సపోర్ట్ వాళ్ళు పాత కోడ్ తీసి వెతుకుతారు, బగ్ అక్కడ ఉండదు. నేను గతంలో పనిచేసిన ఒక చోట రిలీజ్ చేయడం ఒక్క మనిషికే తెలుసు, మెట్లన్నీ ఆయన బుర్రలోనే ఉండేవి, ఆయన సెలవు పెడితే సెక్యూరిటీ ఫిక్స్ అయినా సరే ఆయన వచ్చేదాకా ఆగాల్సిందే. ఆయన తప్పేం లేదు, అలా నడిపించిన సంస్థది.

ఇది చిన్న కంపెనీల గోల అనుకోకండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థలో కొత్త కోడ్‌ని 8 సర్వర్లకి ఎక్కించాల్సి ఉండగా ఒకదానికి ఎక్కించలేదు. ఆ ఒక్క సర్వర్‌లో ఎప్పుడో వాడటం మానేసిన పాత కోడ్ ఇంకా ఉంది, దానికి స్విచ్‌లా ఉండే పాత గుర్తునే కొత్త కోడ్ కోసం మళ్ళీ వాడటంతో అది నిద్ర లేచింది. 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి, నష్టం 46 కోట్ల డాలర్లు దాటిందని అక్కడి నియంత్రణ సంస్థ తన ఉత్తర్వులో రాసింది. ఎక్కించిన పనిని ఇంకొకరు సరిచూడాలన్న రాతపూర్వక నియమం కూడా ఆ సంస్థలో లేదని అందులోనే ఉంది. ఒక స్క్రిప్ట్ ఎనిమిదింటికీ ఒకే పని చేసి, ఎనిమిదింటినీ మళ్ళీ వెర్షన్ అడిగి, తేడా వస్తే ఆగిపోయి ఉంటే సరిపోయేది.

ఇంకోటి, నన్ను బాగా కలవరపెట్టింది, 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం. లినక్స్‌లో దాదాపు అన్నిచోట్లా ఉండే కంప్రెషన్ లైబ్రరీ అది. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. కోడ్ అందరికీ కనిపించేలా గిట్‌లోనే (కోడ్ మార్పుల చరిత్రని దాచే ప్రోగ్రామ్) ఉంది కదా, ఎవరూ ఎందుకు పట్టుకోలేదు అంటే, దొంగ సరుకు టెస్ట్ ఫైళ్ళ ముసుగులో గిట్‌లో ఉన్నా దాన్ని లేపే బిల్డ్ స్క్రిప్ట్ ముక్క మాత్రం గిట్‌లో లేదు, రిలీజ్ కోసం విడిగా తయారుచేసి పెట్టిన టార్ ఫైల్లో (జిప్ లాంటి మూట) మాత్రమే ఉంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేంటని తవ్వుకుంటూ పోయాడు కాబట్టి సరిపోయింది. గిట్ ట్యాగ్ నుంచి నేరుగా, అందరి ముందూ, మెషీనే టార్ ఫైల్ తయారుచేసే పద్ధతి ఉండి ఉంటే ఆ ముక్క దాచుకోవడానికి చోటు ఉండేది కాదు, గిట్‌లో బాహాటంగా పెట్టాల్సి వచ్చేది. రిలీజ్ ఆటోమేషన్ అంటే టైమ్ కలిసిరావడం అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో అంతకంటే పెద్ద లాభం, బయటికి వెళ్ళిన సరుకు ఏ కోడ్ నుంచి వచ్చిందో ఎవరైనా తిరిగి చేసి చూసుకోగలగడం.

ఇక నంబరు సంగతి. సెమాంటిక్ వెర్షనింగ్ అని, కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్ వెర్నర్ రాసిన నియమావళి ఉంది. మూడు అంకెలు. పాతది పనిచేయకుండా పోయే మార్పయితే మొదటి అంకె పెరుగుతుంది, పాతది చెడకుండా కొత్తది చేరితే రెండోది, బగ్ ఫిక్స్ అయితే మూడోది. ఒకసారి రిలీజ్ చేసిన నంబరు కింద సరుకు మార్చకూడదు, ఏం మార్చాలన్నా కొత్త నంబరే. ఇంతే. ఈ నంబరుని మనుషుల కంటే మెషీన్లే ఎక్కువ చదువుతాయి. ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగి) ఒక లైబ్రరీ కావాలని రాసేటప్పుడు మామూలుగా పడే అర్థం ఏంటంటే, 1.4.2 గానీ ఆ తర్వాతది గానీ, 2.0.0 లోపు ఏదైనా పర్వాలేదు తెచ్చుకో అని. అంటే నేను నా ప్రాజెక్ట్‌లో పాతది పాడయ్యే మార్పు చేసి, దాన్ని బగ్ ఫిక్స్ అనుకుని 1.4.3 అని వదిలితే, నన్ను ఎప్పుడూ చూడని వాళ్ళ బిల్డులు, వాళ్ళు ఒక్క అక్షరం ముట్టుకోకుండానే తెల్లారేసరికి పగిలిపోవచ్చు. ఏ వెర్షన్ వాడాలో ఖాయంగా రాసి పెట్టే లాక్ ఫైళ్ళు కొంత కాపాడతాయి, పూర్తిగా కాదు.

ఈ నంబరుని మెషీన్ లెక్కకట్టే పద్ధతి ఇప్పుడు బాగా పాకింది. వెబ్ యాప్‌లు కట్టడానికి వాడే యాంగ్యులర్ ప్రాజెక్ట్ వాళ్ళు కమిట్ సందేశాలకి పెట్టుకున్న కట్టుబాటు నుంచి కన్వెన్షనల్ కమిట్స్ అనే పద్ధతి పుట్టింది. సందేశం ముందు ఫిక్స్ అని పెడితే మూడో అంకె, ఫీట్ (అంటే కొత్త ఫీచర్) అని పెడితే రెండోది, బ్రేకింగ్ చేంజ్ అని కింద రాస్తేనో, ముందు పెట్టే ఆ మాట పక్కన ఆశ్చర్యార్థకం పెడితేనో మొదటిది. సెమాంటిక్ రిలీజ్ లాంటి టూల్ కిందటి ట్యాగ్ తర్వాత వచ్చిన కమిట్లన్నీ చదివి, నంబరు తేల్చి, ట్యాగ్ కొట్టి, ప్యాకేజీ ఎక్కించి, గిట్‌హబ్‌లో రిలీజ్ పేజీ కూడా పెట్టేస్తుంది. మనిషి చేయి తగలదు. గూగుల్ వాళ్ళ రిలీజ్ ప్లీజ్ ఒక మెట్టు ముందు ఆగుతుంది. రాబోయే రిలీజ్‌ని ఒక పుల్ రిక్వెస్ట్‌గా (ఈ మార్పు కలపండి అనే ప్రతిపాదనగా) తెరిచి పెట్టి, కొత్త కమిట్లు వచ్చిన కొద్దీ దాన్నే సవరిస్తూ ఉంటుంది, మనిషి చూసి మెర్జ్ (కలపడం) నొక్కితేనే రిలీజ్ అవుతుంది. నాకు ఈ రెండోదే నచ్చుతుంది. రాత్రికి రాత్రి దానంతటది వెళ్ళిపోయే రిలీజ్ అంటే టెన్షన్ తప్పదు, ఎంత టెస్టింగ్ ఉన్నా.

కానీ ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. ఈ టూల్ చదివేది కోడ్‌ని కాదు, కోడ్ గురించి మనిషి పెట్టిన చీటీని. ఖాళీ తేదీ పంపితే ఇంతకుముందు ఊరుకునే ఫంక్షన్ ఇప్పుడు ఎర్రర్ ఇచ్చేలా మార్చారనుకుందాం. రాసినవాడి దృష్టిలో అది ఫిక్స్, ఆ ఊరుకోవడం మీదే ఆధారపడి ప్రోగ్రామ్ నడుపుకుంటున్నవాడికి అది పిడుగు. వాడేవాళ్ళు ఎక్కువైన కొద్దీ మీరు హామీ ఇవ్వని ప్రవర్తన మీద కూడా ఎవరో ఒకరు ఆధారపడే ఉంటారని హైరమ్ రైట్ అనే ఇంజనీరు పేరు మీద ఒక సూత్రమే ఉంది. ఎల్మ్ భాషలో ప్యాకేజీ టూల్ పాత కొత్త కోడ్ రెండింటినీ పోల్చి, తక్కువ నంబరు వేస్తే ఒప్పుకోదు. రస్ట్‌లో కార్గో సెమ్‌వర్ చెక్స్ అలాంటి పనే చేస్తుంది. మంచివే, ఎక్కడ దొరికితే అక్కడ పెట్టుకోండి. అయితే అవి పట్టేది ఫంక్షన్ పేరు మారిందా, రకం మారిందా అన్నంతవరకే. పేరూ రకమూ అలాగే ఉండి లోపల నడక మారితే మనిషి చెప్పాల్సిందే.

ఇప్పుడు చేంజ్‌లాగ్‌కి వస్తాను, నా బాధంతా దీని గురించే. కమిట్ సందేశాలు ఎలాగూ ఉన్నాయి కదా, వాటినే వరసగా పేర్చి చేంజ్‌లాగ్ అనేస్తున్నారు. అలా తయారైనది ఎలా ఉంటుందో చూడండి. ఫీట్: కొత్త పార్సర్ మొదటి భాగం. ఫిక్స్: రివ్యూ కామెంట్లు. ఫిక్స్: పార్సర్ మళ్ళీ. ఫిక్స్: ఖాళీ తేదీ చెక్. ఇలా నలభై గీతలు, ఒక్కోదాని పక్కన అర్థం కాని అక్షరాల లింకు. వాడేవాడు వచ్చింది రెండు ప్రశ్నలతో: ఇది పెట్టుకుంటే నాది ఏమైనా పగులుతుందా, ఇప్పుడే పెట్టుకోవాలా ఆగొచ్చా. ఆ నలభైలో దేనికీ జవాబు లేదు. అదే మార్పుని ఇలా రాస్తే ఎలా ఉంటుంది: "తేదీ ఖాళీగా పంపితే ఇదివరకు ఆ రోజు తేదీ తీసుకునేది. ఇకపై ఎర్రర్ ఇస్తుంది. మీ కోడ్‌లో తేదీ ఇవ్వకుండా పిలుస్తున్న చోట్ల ఈ వెర్షన్ పెట్టుకునే ముందే తేదీ పంపండి." మూడు వాక్యాలు. రాయడానికి రెండు నిమిషాలు పట్టదు, రాసి ఉంటే ఎంతమందికి ఎన్ని గంటలు మిగిలేవో.

ఇది కొత్త సంగతి కూడా కాదు. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఎప్పటి నుంచో రెండు వేర్వేరు ఫైళ్ళు ఉండేవి, ఏ ఫంక్షన్‌లో ఏం మార్చారో డెవలపర్ల కోసం చేంజ్‌లాగ్, వాడేవాళ్ళకి తెలియాల్సినవి న్యూస్. వాటిలో ఒకటైన ఈమాక్స్ ఎడిటర్ వాళ్ళు ఆ మొదటిదాన్ని చేత్తో రాయడం మానేసి గిట్ నుంచి తీసుకుంటున్నారు, న్యూస్ మాత్రం ఇప్పటికీ మనుషులే రాస్తారు. గీత ఎక్కడ గీయాలో వాళ్ళకి సరిగ్గా తెలుసు. గిట్ ప్రాజెక్ట్‌నే తీసుకోండి, దాని మెయింటెయినర్ జునియో హమానో రిలీజ్ నోట్స్ కూర్చుని రాస్తారు, లాగ్‌లు నడిపే ప్రోగ్రామ్ తయారుచేసే వాళ్ళే లాగ్‌ని తీసి జనం ముందు పారబోయడం లేదు. ఒలివియే లకాన్ పెట్టిన కీప్ ఎ చేంజ్‌లాగ్ మార్గదర్శకం కూడా ఇదే గట్టిగా చెప్తుంది. చేర్చినవి, మార్చినవి, త్వరలో తీసేయబోతున్నవి, తీసేసినవి, సరిచేసినవి, సెక్యూరిటీ అని ఆరు శీర్షికలు పెట్టుకోమంటుంది. ఆ మూడోది, త్వరలో తీసేయబోతున్నవి, నాకు అన్నిటికంటే ముఖ్యం. తీసేశాక చెప్పడం వేరు, తీసేస్తాం సర్దుకోండి అని ముందే చెప్పడం వేరు.

డెబియన్ లినక్స్ వాళ్ళ పద్ధతయితే ఇంకా బాగుంటుంది. అక్కడ ప్యాకేజీకి వెర్షన్ నంబరు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా, చేంజ్‌లాగ్ ఫైల్లో పైన మనిషి రాసిన మొదటి ఎంట్రీ నుంచే. బిల్డ్ టూల్స్ అది చదివి నంబరు తీసుకుంటాయి. ఫలానా బగ్ మూసేశాం అని ఆ ఎంట్రీలో నంబరుతో సహా రాస్తే, ప్యాకేజీ ఎక్కగానే ఆ బగ్ రిపోర్టు దానంతటదే మూతపడుతుంది. మనిషి రాస్తాడు, మెషీన్ దాన్ని పట్టుకుని మిగతా చాకిరీ అంతా చేస్తుంది.

చేంజ్‌లాగ్ సరిగ్గా ఉండటం ఎంత అవసరమో 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడి గండం వచ్చినప్పుడు జావా వాళ్ళందరికీ చుక్కలు కనిపించి తెలిసింది. మొదట 2.15.0 పెట్టుకోమన్నారు. ఆ ఫిక్స్ పూర్తిగా సరిపోదని 2.16.0 వచ్చింది. ఇంకో లోపం బయటపడి 2.17.0, ఆ తర్వాత 2.17.1, అన్నీ అదే నెలలో. ప్రతిసారీ తేల్చుకోవాల్సింది ఒకటే, నేను పెట్టుకున్నది సరిపోతుందా, ఈ రాత్రికే మళ్ళీ మార్చాలా. అలాంటప్పుడు ఏ వెర్షన్ ఏ లోపాన్ని మూస్తుంది, ఏ పరిస్థితిలో మిమ్మల్ని తాకుతుంది అని తేటగా రాసిన నాలుగు వాక్యాలే దిక్కు. లోపాలు సరిచేశాం అని రాస్తే ఎవరికి ఉపయోగం?

మరి ఈ రెండూ కుదిరే దారి ఉందా అంటే ఉంది, కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. పైథాన్ వాళ్ళకి టౌన్‌క్రయర్ ఉంది, పిప్, పైటెస్ట్ లాంటి పెద్ద ప్రాజెక్టులు వాడుతున్నాయి. జావాస్క్రిప్ట్ వాళ్ళకి చేంజ్‌సెట్స్ ఉంది. రెండింటి సూత్రమూ దాదాపు ఒకటే. మార్పు చేసినవాడు అదే పుల్ రిక్వెస్ట్‌లో ఓ చిన్న ఫైలు కూడా పెడతాడు, అందులో ఇది ఏ రకం మార్పు, వాడేవాళ్ళకి ఏం తెలియాలి అని రెండు మూడు వాక్యాలు. ఫైలు లేకపోతే మెర్జ్ అవ్వకుండా పైప్‌లైన్ (ఈ మెట్లన్నీ వరసగా నడిపే మెషీన్ ఏర్పాటు) ఆపేసేలా పెట్టుకోవచ్చు. కోడ్ రివ్యూ చేసేవాళ్ళు ఆ వాక్యాల్ని కూడా రివ్యూ చేస్తారు, ఇది ఫిక్స్ కాదయ్యా, వాడేవాళ్ళకి పగులుతుంది అని చెప్పగలిగే సమయం కూడా అప్పుడే. రిలీజ్ రోజున టూల్ ఆ చిన్న ఫైళ్ళన్నీ పోగేసి, చేంజ్‌లాగ్‌లో సర్ది, చిన్న ఫైళ్ళు తీసేస్తుంది. అందరూ ఒకే పెద్ద చేంజ్‌లాగ్ ఫైల్లో రాసి ఒకరి గీత ఒకరు చెరుపుకునే గొడవ కూడా పోతుంది. రిలీజ్ ముందు రోజు రాత్రి ఎవరో ఒకరు కూర్చుని, రెండు నెలల కిందట ఎవరు ఏం చేశారో గుర్తు తెచ్చుకునే తిప్పలు ఉండవు.

ఇప్పుడు ఏఐకి కోడ్ తేడా ఇచ్చి రాయించుకోవచ్చు కదా అంటున్నారు. చిత్తుప్రతికి పర్వాలేదు, నేనేం వద్దనను. కానీ ఏ గీత మారిందో కోడ్ తేడాలో ఉంటుంది, ఎందుకు మారింది, ఎవరిని తాకుతుంది అన్నది చాలాసార్లు అందులో ఉండదు. లేనిదాన్ని అది ఊహించి నమ్మకంగా రాసేస్తుంది, చదివేవాడు నమ్మేస్తాడు. మార్పు చేసినవాడు చదివి ఒప్పుకోకుండా అది బయటికి వెళ్ళకూడదు.

ఆటోమేషన్ పెట్టాం కదా అని తాళాలు తీసి పెట్టకూడదు, ఇది కూడా చెప్పాలి. ప్యాకేజీ ఎక్కించే టోకెన్ పైప్‌లైన్‌లో శాశ్వతంగా పడి ఉంటే దొంగకి అది చాలు. 2025 సెప్టెంబరులో ఎన్‌పీఎంలో పాకిన పురుగు (తనంతట తానే వ్యాపించే దొంగ ప్రోగ్రామ్) చేసింది అదే, ఒకరి దగ్గర టోకెన్ దొంగిలించడం, దాంతో వాళ్ళ ప్యాకేజీలకి కొత్త వెర్షన్లు తనే రిలీజ్ చేసేయడం, అక్కడి నుంచి ఇంకొకరి దగ్గరికి పోవడం. దీనికి విరుగుడుగా పైథాన్ ప్యాకేజీల గిడ్డంగి పైపీఐ 2023లోనే ట్రస్టెడ్ పబ్లిషింగ్ తెచ్చింది, ఎన్‌పీఎం కూడా 2025లో తెచ్చింది. శాశ్వత టోకెన్ అక్కర్లేదు, ఫలానా ప్రాజెక్ట్ పైప్‌లైన్‌కి అప్పటికప్పుడు కాసేపు పనిచేసే అనుమతి దొరుకుతుంది. పాత టోకెన్లు ఇంకా వాడుతుంటే ఈ వారమే మార్చుకోండి. అలాగే వేగం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ అప్‌డేట్ ఒకటి సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లని పడగొట్టింది. తప్పు తెలిసి వెనక్కి తీసుకోవడానికి పట్టింది 78 నిమిషాలే, కానీ అప్పటికే అన్నిచోట్లకీ ఒకేసారి వెళ్ళిపోయింది. ముందు కొద్దిమందికి పంపి, ఆగి, చూసి, తర్వాత మిగతా అందరికీ పంపే మెట్లు కూడా రాసి పెట్టాల్సింది ఆ స్క్రిప్ట్‌లోనే.

మా దగ్గర టైమ్ లేదు, మా వాళ్ళకి రాయడం రాదు అనే మేనేజర్లకి ఒక మాట. మీ డెవలపర్ అంత చిక్కు కోడ్ రాయగలిగినవాడు, దాని గురించి మూడు వాక్యాలు రాయలేడంటే నేను నమ్మను. రాయమని ఎవరూ అడగలేదు, రాసినది ఎవరూ చదివి బాగుందనలేదు, అంతే. కోడ్ రివ్యూలో సెమీకోలన్ గురించి అరగంట వాదించుకునే టీమ్, వాడేవాళ్ళు చదివే వాక్యాన్ని ఒక్కసారైనా చదివితే చాలు.

మీకూ ఒక విన్నపం. ఏదైనా పెద్ద యాప్‌కో, ఫోన్ సాఫ్ట్‌వేర్‌కో అప్‌డేట్ వచ్చిందని వార్త వేసేటప్పుడు వెర్షన్ నంబరు కూడా వేయండి, అందులో ఏం మారిందో ఆ సంస్థ చెప్పిందా లేదా అన్నది కూడా ఒక ముక్క వేయండి. చెప్పకపోతే చెప్పలేదనే రాయండి. ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు మీ పేజీ చదువుతారు కాబట్టి వాళ్ళకి కూడా: పిల్లలు ప్రాజెక్ట్ చూపించడానికి వచ్చినప్పుడు జిప్ ఫైలు తీసుకోకండి, ట్యాగ్ అడగండి. 0.1.0తో మొదలుపెట్టి, మీరు చెప్పిన సవరణలు చేశాక 0.2.0 అని ఇంకో ట్యాగ్, మధ్యలో ఏం మారిందో పక్క టీమ్ వాళ్ళకి అర్థమయ్యేలా చేంజ్‌లాగ్. ట్యాగ్ పడగానే బిల్డ్ దానంతటదే తయారయ్యే చిన్న పైప్‌లైన్ పెట్టడం ఒక మధ్యాహ్నం పని, చేంజ్‌లాగ్‌కి కూడా మార్కులు వేస్తారని తెలిస్తే వాళ్ళే నేర్చుకుంటారు.

ఇట్లు,
రిలీజులు చూసే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి